నీళ్ళలో పెట్టిన మెట్ట తాబేలు

మా అత్త తొలిదుక్కి రోజున పసుపు పొట్లం కొంగున కట్టుకుని చేనుకి వచ్చేది. సద్ది తేవడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ పసుపు మరిచిన రోజు లేదు. ఎందుకంటే తొలివానకి మా చేలో తాబేళ్ళు బయటపడేవి. చాలుకి తాబేలు అడ్డం వస్తే ఎద్దుల్ని నిలపాలి. దాన్ని రెండు చేతులా ఎత్తి రాతిగట్టు పక్కన పెట్టాలి. వీపుకి ఇంత పసుపు పూసి, ముందర నాలుగు చెనిక్కాయ గింజలు వెయ్యాలి. ఆ తర్వాతే నాగలి కదలాలి. ఆ గింజల్ని అది తినేది కాదు. తల లోపలికి లాక్కుని రాయి మాదిరి కూర్చునేది. మేము అటు తిరగగానే చీమలు ఎత్తుకుపోయేవి. అయినా వెయ్యాలి. ఆమె చెప్పింది, మేము చేశాము. అందులో భక్తి ఎంతో భయం ఎంతో నాకిప్పటికీ తెలియదు.

మా చేను పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడిస్తే కొండవాలులో ఉంటుంది. ఎర్రమన్ను, గుండురాళ్ళు, తుప్పలు. నీళ్ళు నిలవవు. మా తాబేళ్ళు ఆ నేల జీవాలు. చెరువులో ఉండేది వేరే జాతి. అది బల్లపరుపుగా, బురద రంగులో ఉంటుంది. మాది మెట్ట తాబేలు. వీపు బోర్లించిన గిన్నె మాదిరి ఎత్తుగా ఉంటుంది. నల్లటి పెంకు మీద పసుపుపచ్చ గీతలు ఒక్కో చుక్క నుంచి చుట్టూ విచ్చుకుంటాయి. చదువుకున్నవాళ్ళు దాన్ని నక్షత్ర తాబేలు అంటారు. మేము ఉత్త తాబేలు అనే అనేవాళ్ళము. అది గరిక తింటుంది, రాలిన పండ్లు తింటుంది, ఎండలు ముదిరితే తుప్ప కింద దూరి పడుకుంటుంది, వానకి లేస్తుంది. నీళ్ళలో వేస్తే ఈదదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన దున్నుతుంటే కర్రు ఒక తాబేలు వెనక అంచుకి తగిలింది. పెంకు చిట్లి నెత్తురు వచ్చింది. ఆయన మేడి వదిలేసి చాలులోనే కూర్చున్నాడు. ఆ రోజుకి దుక్కి లేదు. మా అత్త పసుపూ ఆముదమూ కలిపి దాని గాయానికి మెత్తింది. దాన్ని ఒక గంప కింద పెట్టి, మానేదాకా గరిక కోసి వేయమని నాకు పని పెట్టింది. మానింది. మానిన చోట నెలవంక మాదిరి నొక్కు మిగిలింది. అప్పటి నుంచి ఏటా తొలివానకి ఆ నొక్కుదాన్ని చూసేవాళ్ళము. మిగతావాటిలో ఏది ఏదో మాకు తెలిసేది కాదు. దీన్ని మాత్రం గుర్తుపట్టేవాళ్ళము. మా అత్త పోయింది. తర్వాత చాలా ఏండ్లకి మా ఆయన పోయాడు. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది. చెనిక్కాయ పోయి టమేటా వచ్చింది. అది మాత్రం వస్తూనే ఉంది. ఒక ఏడు నాగజెముడు పండు తిని మూతంతా ఎర్రగా పూసుకుని గట్టు మీద నిలబడింది. తాంబూలం వేసుకున్న ముసలామె మాదిరి ఉందని మా ఆయన నవ్వాడు. ఆయన అంత బాగా నవ్వడం నేను తక్కువ సార్లు చూశాను. అందుకే గుర్తుంది.

నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకామె సాయంత్రాలు తన వరండాలో ఆడవాళ్ళకి చెప్పేది. నేర్చుకున్నాక పుస్తకాల కంటే ముందు గోడలు చదివాను. బస్సుల మీద పేర్లు, మందుల అంగడి బోర్డులు, గోడల మీద చీటీలు, ఏదీ వదల్లేదు. అట్లా చదివిందే పుంగనూరులో అటవీశాఖ వాళ్ళ గేటు పక్కన ఉన్న బోర్డు. నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం అని, కింద బొమ్మ. ఆ బొమ్మ చూసి ఆశ్చర్యపోయాను. మా చేలో దానికి అంత గిరాకీ ఏమిటి అనుకున్నాను.

గిరాకీ ఏమిటో తర్వాత తెలిసింది. వానలు పడగానే మోటారు సైకిళ్ళ మీద మనుషులు వచ్చేవాళ్ళు. తుప్పలు కట్టెలతో ఎత్తి చూసి గోతాల్లో వేసుకుపోయేవాళ్ళు. టమేటా ట్రేల కింద పెట్టి మద్రాసుకి పంపుతారని, ఆడ నుంచి విమానంలో ఇంకెక్కడికో పోతాయని, ఆ దేశాల్లో పిల్లలు ఆడుకోవడానికి కొంటారని చెప్పుకునేవాళ్ళు. మన దగ్గర మాత్రం అదృష్టానికి కొంటారు. ఏది ఎట్లా పోతే ఏమి, ఏటేటా మా గట్టు దగ్గర తగ్గిపోయాయి. చివరికి నొక్కుది ఒక్కటే మిగిలింది.

పోయిన ఏడు అది కూడా రాలేదు. తొలివాన పడింది, రెండో వాన పడింది, గట్టు పొడుగునా చూశాను. మా కొండ మీద మేకలు తోలే ఒకాయన ఉన్నాడు. నా ఈడువాడే. వరసకి అక్కా అంటాడు. ఆయన్ని అడిగాను.

"నొక్కుది కనపడిందా నీకు?"

"కనపడిందక్కా. బండెక్కి పోతా కనపడింది."

"ఎవరి బండి?"

"వాళ్ళ పేర్లు నేనడగలా. నా పేరు వాళ్ళడగలా. ఆ ఒక్క మర్యాద ఉండాది మా మద్దెన." కట్టెతో నేల గీకుతూ నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు. "నువ్వు యాల అంత ఇదైపోతావు? తాబేలే గదా. నీ కోడి పోతే కూడా ఇట్ల ఎతకవు."

కోడి పోతే ఇంకో కోడి వస్తుంది.

మా చెల్లెలిది మదనపల్లె. పట్టుదారం వ్యాపారం. ముందు గదిలో దారం కట్టలు, వెనక కాపురం. ఆ ఏడు చలి మొదలయ్యే ముందు మా కొడుకు మార్కెట్ యార్డుకి టమేటా వేసుకుని పోతుంటే నేనూ లారీ ఎక్కి, తనని చూసి వద్దామని పోయాను. చెల్లెలి కోడలికి అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ నెల తప్పిందని ఫోనులో చెప్పింది. దానికని ఇంత చింతపండు, ఒక సీసా ఊరగాయ పట్టుకుపోయాను.

లోపలికి పోగానే దేవుడి పటాల కింద పెద్ద ఇత్తడి బేసిను కనిపించింది. నిండా నీళ్ళు, నీళ్ళ మీద బంతిపూల రెక్కలు. ఆ రెక్కల నడుమ ఒక తల. తాబేలు బేసిను అంచుకి ముందుకాళ్ళు ఆనించి, మెడ పొడుగ్గా చాచి నిలబడుకుని ఉంది. కాళ్ళు జారుతున్నాయి. జారినప్పుడల్లా తల మునిగి మళ్ళీ లేస్తోంది.

"ఏందిమే ఇది?" అన్నాను.

"తాబేలక్కా. మా ఇంటి లచ్చిమి."

"లచ్చిమిని యాల నానబెడితివి?"

చెల్లెలు నవ్వింది. తర్వాత చెప్పుకొచ్చింది. బజారులో ఇత్తడి తాబేలు బొమ్మ అమ్ముతారు కదా, చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసి దేవుడి ముందర పెట్టుకునేది. ముందు అది పెట్టారు. వ్యాపారంలో మార్పు లేదు, కోడలి కడుపూ నిలవలేదు. అప్పుడు వాస్తు చూసే ఆయన, బొమ్మ కాదు, ప్రాణమున్నది పెట్టండి, వీపు మీద చుక్కలుండేదైతే ఇంకా మంచిది అన్నాడట. దారం కొనడానికి వచ్చే ఒకాయన తెచ్చి ఇచ్చాడట. బొమ్మ ఎట్లా పెట్టారో ఇదీ అట్లాగే పెట్టారు. పళ్ళెం చాలలేదని బేసిను.

"ఇది మెట్టది మే. ఒంటి మీద వాన పడితే సాలు దీనికి. ఇట్ల నీళ్ళల్లో ఉంచితే సచ్చిపోతాది."

"తాబేలు నీళ్ళల్లో సచ్చేదేందక్కా? సేప నీళ్ళల్లో మునిగి సచ్చె అన్నట్టుండాది."

"మీ పెరట్లో కోడికి ఈత నేర్పిస్తివా?"

"కోడి యాడ, తాబేలు యాడ."

నేను చేతులు పెట్టి దాన్ని బయటికి తీశాను. కాళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తిప్పి చూద్దామని కూడా అనుకోలేదు, తిప్పేశాను. వెనక అంచులో నెలవంక నొక్కు.

ఆ నొక్కుని కొంగుతో తుడిచాను. తర్వాత, "ఇది మా చేంది," అన్నాను.

"నీ చేను తాబేలని దాని మింద రాసుండాదా?"

"మీ బావ నాగలి రాసింది. సూడు."

చెల్లెలు చూసింది. తనకీ ఆ సంగతి తెలుసు. పెండ్లికి ముందు మా ఇంటికి వచ్చినప్పుడు గంప ఎత్తి గరిక వేసింది కూడా. ముఖం మారిపోయింది. కానీ అది తప్పు చేశానని మారిన ముఖం కాదు. పోగొట్టుకోబోతున్నానేమోనని మారిన ముఖం.

ముందు గదిలో నుంచి మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, లోపలికి వచ్చాడు. ఇంట్లో పెంచితే నేరమని పుంగనూరులో బోర్డు పెట్టారని ఆయనకి చెప్పాను.

"అచ్చరాలు వచ్చినకాడి నుంచి వదినకి గోడలన్నీ మాట్లాడతాండాయి," అన్నాడు.

"గోడలే మేలు. అడక్కుండానే నిజం సెప్తాయి."

చెల్లెలు నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ ఏడ్చింది. "మూడో నెల దాటిందక్కా. ఎప్పుడూ దాటలే. అది ఇంట్లో కాలు పెట్టినాకే నిలిచింది. నువ్వు ఇప్పుడు దాన్ని ఎత్తుకపోతే, రేపు పిల్లకి ఏమన్నా అయితే నువ్వొచ్చి సమాధానం సెప్తావా?"

నేను ఎవరికైనా ముఖం మీదే మాట్లాడతాను. నాకు నోరు ఎక్కువని ఊరంతా అంటారు. ఆ మాటకి మాత్రం తగ్గాను. తాబేలుకీ కడుపుకీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ రేపు ఏమన్నా అయితే, సంబంధం లేదని నేనొక్కదాన్నే అంటూ ఉండాలి.

కడపటికి ఒక ఒప్పందం చేసుకున్నాము. పగలంతా దాన్ని పెరట్లో ఇసుకలో వదలాలి, పూజవేళకి మాత్రం నీళ్ళలో పెట్టాలి. గరిక వెయ్యాలి, అన్నం పెట్టకూడదు. చెల్లెలు దేవుడి మీద ఒట్టేసింది. నేను లారీ ఎక్కి వచ్చేశాను.

మళ్ళీ పోయేసరికి సంక్రాంతి దాటింది. మదనపల్లె చలి ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. బేసిను అక్కడే ఉంది. పెరట్లో వదిలితే పిల్లులు వస్తున్నాయని, వాస్తు ఆయన నీళ్ళలో లేకుంటే ఫలం లేదన్నాడని, ఇంకా ఏమేమో చెప్పారు. నేను వినలేదు. తాబేలు అంచుకి కాళ్ళు ఆనించడం మానేసింది. నీళ్ళలో ఒక పక్కకి ఒరిగి తేలుతోంది. కండ్లు వాచి మూసుకుపోయాయి. ముక్కు దగ్గర బుడగలు. నోరు తెరిచి గాలి లాగుతుంటే సన్నగా ఈల మాదిరి చప్పుడు. కింద పెంకు వేలితో ఒత్తితే మెత్తగా దిగింది.

కోడలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కడుపు బాగా కనపడుతోంది. ముఖంలో నెత్తురు లేదు. మా చెల్లెలు వంటింట్లోకి పోయాక నాతో మెల్లిగా అంది.

"పెద్దత్తా, దాని సప్పుడు ఇంటాండావా? నా కడుపులోది తిరిగినప్పుడల్లా అది గూడా గాలి లాగతాంది. రెండూ ఒకటేసారి. నాకు బయంగా ఉండాది."

"అదేం లేదమ్మా. దానికి రొమ్ములో నెమ్ము సేరింది. నీకు పిల్ల తిరగతాంది. దేనిది దానిదే."

"అది ఈడ సచ్చిపోతే?"

వంటింటి గడపలో చెల్లెలు నిలబడి ఉంది. ఆ మాట విన్నది. కోడలు అన్నది తను చాలా రోజులుగా మనసులో అనుకుంటున్నదే అయ్యుండాలి. చేతిలో గరిటె పక్కన పెట్టింది. "తీసకపో అక్కా," అంది. "సచ్చేలోపల తీసకపో. ఇంట్లో సచ్చిందంటే ఇంగ పిల్ల నిలవదు."

"ఆ పొద్దే ఇచ్చుంటే బాగుపడేది."

"ఆ పొద్దు ఇయ్యడానికి బయపడితి. ఈ పొద్దు ఉంచుకోడానికి బయపడతాండాను. నన్నేం సేయమంటావు?"

జాలితో ఇచ్చి ఉంటే నేను సంతోషపడేదాన్నేమో. భయంతో తెచ్చుకుని, భయంతోనే ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చి నా చెవిలో ఇంకో మాట చెప్పింది. "అది ఏమయినా సరే, కోడలికి మాత్రం బాగుండాదనే సెప్పు. నీ నోరు నాకు తెలుసు. ఈ ఒక్క పనికి ఆ నోరు కట్టుకో." సరే అన్నాను.

మా కొడుకుకి ఫోను చేశాను. కుప్పం దగ్గర అటవీశాఖ వాళ్ళు పట్టుకున్న తాబేళ్ళని ఉంచే చోటు ఉందని, అక్కడ జీపు తోలే ఒకతను తనకి తెలుసని, డాక్టరు కూడా వస్తాడని చెప్పాడు. "బస్సులో పట్టుబడితే నిన్నే లోపలేస్తారు," అన్నాడు. "ఏస్తే ఏస్తారు, కూచునేదానికి చోటిస్తారు గదా," అన్నాను. బుట్టలో గోనెపట్టా పరిచి, దాన్ని తుడిచి పెట్టి, పైన తువ్వాలు కప్పి బస్సెక్కాను.

చప్పుడు దాచడానికి లేదు. నా పక్కన కూర్చున్న ఆమె బుట్ట వైపు చూసింది. "ఏందమ్మా, బుసకొడతాంది?"

"నాకు ఉబ్బసం," అన్నాను. అని, అదే మాదిరి నేనూ గాలి లాగడం మొదలు పెట్టాను. బుట్ట లాగినప్పుడు నేనూ లాగాను. ఆమె పాపం మంచిది. మిరియాల కషాయం ఎట్లా కాచుకోవాలో చెప్పింది. గాలి ఆడాలని కిటికీ తీసింది. చలిగాలి నేరుగా బుట్ట మీద కొట్టింది. నేను వేశాను. ఆమె మళ్ళీ తీసింది. "గాలి తగలనీ అమ్మా, మొండితనం సేయొద్దు," అని కోప్పడింది కూడా. ఆ బుట్టని ఒళ్ళోకి తీసుకుని కొంగు కప్పుకుని, పుంగనూరు వచ్చేదాకా అట్లా ఇద్దరి తరఫునా ఆయాసపడ్డాను.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. ఉబ్బసానికి కషాయం చెప్పినామె దిగిపోయింది. సదుం బస్సు పక్కనే నిలబడి ఉంది. దిగి అందులో కూర్చుంటే చీకటి పడేలోపల మా గట్టు దగ్గర ఉంటాను. తువ్వాలు ఎత్తి చూశాను. అది కండ్లు తెరవలేదు. తన నేల ఇంత దగ్గర్లో ఉందని దానికి తెలుసో లేదో. దిగితే గట్టు మీద చస్తుంది, కుప్పం పోతే బతకొచ్చు. అట్లా లెక్క వేసుకున్నాను. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. కండక్టరు, "దిగతావా లేదా అమ్మా?" అన్నాడు. "లేదులే," అన్నాను. బస్సు పలమనేరు దారి పట్టింది. ఆ లెక్క సరైందో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. అప్పుడు మాత్రం అదే సరి అనిపించింది.

కుప్పంలో జీపు తోలే అతను బస్టాండుకి వచ్చి తీసుకుపోయాడు. పేరు అడగలేదు, ఎక్కడిదని అడగలేదు. ఊరి బయట, ఇనుప జల్లెడ చుట్టూ కట్టిన ఒక దొడ్డి. లోపల తాబేళ్ళు, చిన్నవీ పెద్దవీ. నా జన్మలో అన్ని ఒకచోట చూడలేదు. మా గట్టు ఖాళీ ఎందుకయిందో అక్కడ కళ్ళారా చూశాను. అన్నీ ఒక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, జల్లెడని తోస్తున్నాయి. తోసి, జారిపడి, మళ్ళీ తోస్తున్నాయి. పక్కనే గరిక పచ్చగా వేసి ఉంది.

డాక్టరు మా మనవడి వయసువాడు. వెలుగులో పెట్టి చూసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు. సూది వేశాడు. దాన్ని దొడ్డిలో వదల్లేదు. వేరే గదిలో ప్లాస్టిక్ తొట్టిలో కాగితాలు పరిచి, మీద బల్బు వేలాడదీశాడు. దీని జబ్బు మిగతావాటికి అంటుకుంటుందట.

"మంచిదైతే నాకు సెప్పు నాయనా. వచ్చి తీసకపోయి మా గట్టు మింద ఇడుస్తాను," అన్నాను.

"అట్ల కుదరదవ్వా. మంచిదైనా దీన్ని అడవిలో ఇడవరు. ఆడ బాగుండేవాటికి జబ్బు తగిలిస్తాదని."

"మరి యాడుంటాది?"

"ఈడనే."

జల్లెడ వైపు చూశాను. వచ్చేముందు కొంగు ముడి విప్పి, ఇంత పసుపు దాని వీపుకి పూశాను. చెల్లెలి వంటింట్లోంచి తెచ్చుకున్న పసుపు. డాక్టరు చూశాడు గానీ వద్దనలేదు.

పది పన్నెండు రోజులకి జీపు తోలే అతను ఫోను చేశాడు. పోయిందన్నాడు. కళేబరం ఇస్తే మా గట్టులో పూడ్చుకుంటానన్నాను. కోసి చూసి, కాల్చేయాలట, రూలు. అప్పటికే కాల్చేశారు.

ఆ రోజు నుంచి నాకు ఇంకో పని పడింది. చెల్లెలి కోడలు వారం తిరిగేలోపల ఒకసారి ఫోను చేసేది. తన ఆరోగ్యం గురించి ఒక్క మాట, తర్వాత అదే ప్రశ్న.

"పెద్దత్తా, అది తింటాండాదా?"

"తింటాండాది."

"ఏం తింటాది?"

నాకు అబద్ధాలు అల్లడం రాదు. అందుకని ఉన్నవే చెప్పాను. వాన పడితే గట్టు ఎక్కి మెడ చాచి నిలబడిందని చెప్పాను. గరిక చివర్లు మాత్రమే కొరికి వేర్లు వదిలేసిందని చెప్పాను. నాగజెముడు పండు తిని మూతంతా ఎర్రగా పూసుకుందని, తాంబూలం వేసుకున్న ముసలామె మాదిరి ఉందని చెప్పాను. ఆ పిల్ల ఫోనులో నవ్వింది. అన్నీ నిజాలే. ఎప్పటివో మాత్రం ఆ పిల్ల అడగలేదు. ఫోను పెట్టేసి గట్టు వైపు చూసేదాన్ని. మా ఆయన పోయినప్పుడు కూడా ఆయన గురించి నేను ఎవరికీ అన్నిసార్లు చెప్పుకోలేదు.

ఎండలు ముదిరాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. తొట్టెలలో వేసే రోజున నేను పోయాను. ఇల్లంతా ఆడవాళ్ళు. ఇత్తడి బేసిను బోర్లించి మూలన పెట్టారు. చెల్లెలు ముఖం వెలిగిపోతోంది. వచ్చినవాళ్ళందరికీ తాబేలు వచ్చాకే బిడ్డ నిలిచిందని చెబుతోంది. "మా అక్క దాన్ని సల్లగా వాళ్ళ గట్టు మింద ఇడిసిపెట్టింది. అది ఆడ బాగుండబట్టే, ఈడ బిడ్డ బాగుండాది."

నాకు ఇంక నోరు కట్టుకోవాల్సిన పని లేదనిపించింది. చెల్లెల్ని వంటింట్లోకి పిలిచాను.

"అది సచ్చిపాయ మే. పోయి సానా నాళ్ళయింది. బిడ్డ పుట్టకముందే పాయ. అది సచ్చినాకే బిడ్డ బాగా పెరిగింది, బాగా పుట్టింది. దానికీ దీనికీ ఏం లేదు. ఇప్పుడన్నా తెలుసుకో."

చెల్లెలు స్టవ్ కట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మాట తగిలిందనుకున్నాను. తర్వాత రెండు చేతులూ జోడించి పటాల గది వైపు తిరిగింది.

"బిడ్డ గండం అది తీసుకునిందక్కా," అంది. "బిడ్డ కోసరం అది పాయ."

నేనేదో అనబోయాను. అప్పటికే తను బయటికి పోయింది. ఆడవాళ్ళకి చెబుతోంది. గుంపులో గుసగుసలు, నోటి మీద చేతులు. ఒక ముసలామె కళ్ళు ఒత్తుకుంది. కోడలు తొట్టెల పక్కన కూర్చుని నా వైపు చూసింది. ఫోనులో నేను చెప్పిన తాంబూలం మాటలు దానికి గుర్తొచ్చి ఉంటాయి. తల దించుకుని బిడ్డకి గుడ్డ సర్దింది. ఎవరో పక్కింటామె చెల్లెల్ని అడుగుతోంది, అట్లాంటిది ఇంకా యాడన్నా దొరుకుతాదా అని.

తొలివాన ఈ ఏడు ముందే పడింది. మా కొడుకు ట్రాక్టరు తెప్పించాడు. నేను పసుపు కొంగున కట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. ట్రాక్టరు దేనికీ ఆగలేదు. ఆగాల్సిన పని పడలేదు. పైన కొండవాలులో మనుషులు తుప్పలు ఎత్తి చూస్తున్నారు. పోయిన ఏడు కంటే ఎక్కువ మంది. ఆడవాళ్ళు కూడా ఉన్నారు.

మేకలాయన దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"గిరాకీ పెరిగిందక్కా. మదనపల్లెలో కడుపుతో ఉండేవాళ్ళు అడగతాండారంట. బిడ్డ గండం అది తీసుకుంటాదంట గదా. మీ సెల్లెలి ఇంట్లోనే జరిగిందంట. నిజమేనా?"

నేను కొండ వైపు చూశాను. ఎవరో ఒకామె వంగి ఏదో ఎత్తి, గోతం పట్టుకున్నవాడిని పిలిచింది.

"కొనేవాళ్ళకి ఒక మాట సెప్పమను," అన్నాను. "దాన్ని నీళ్ళల్లో పెట్టొద్దని సెప్పమను."

"సెప్తాలే," అని ఆయన మేకల్ని తోలుకుంటూ పైకి పోయాడు.